ఆల్బం బాబాయ్ సంతకం

“ఫెయిల్!” అన్నాడు ఆల్బం బాబాయ్, ఖాళీ టీ గ్లాసు బల్లమీద పెడుతూ.

కంట్రోల్ రూమ్ గోడమీది పెద్ద తెరలో మఫ్టీ కానిస్టేబుల్ ఒకడు తలవంచుకుని మార్కెట్ దాటి వెళ్లిపోయాడు. తెర కింద పచ్చదీపం వెలగలేదు.

ఎస్సైకి ఏడుపొక్కటే తక్కువ. తప్పిపోయినవాళ్ల ఫొటోలను వీధి కెమెరాల్లో కనిపించే ముఖాలతో పోల్చి, క్షణాల్లో ఆచూకీ చెప్పే ఏర్పాటు అది. దానికోసం ఆమె ఆరు నెలలు తిండీ నిద్రా పట్టించుకోలేదు. కమిషనర్ గారు మాత్రం ఒకటే మాటన్నారు. “మన హెడ్ కానిస్టేబుల్ పరీక్షించి సంతకం పెట్టాలి. లేదంటే శుక్రవారం సామానంతా కంపెనీకి తిప్పి పంపేయండి.”

ఆ రోజు గురువారం.

హెడ్ కానిస్టేబుల్‌కి ‘ఆల్బం’ అనే పేరు ఊరికే రాలేదు. ఐదేళ్లప్పుడు తప్పిపోయిన పిల్లను పదిహేనేళ్ల తర్వాత బస్సులో చూసి గుర్తుపట్టిన మనిషి ఆయన. ఆయన చూసిన ముఖం ఆయన దగ్గర అచ్చయిపోయినట్టేనని డిపార్టుమెంటంతా చెప్పుకుంటుంది.

“గడ్డం పెంచినా పట్టుకుంది. కళ్లజోడు తీసేసినా పట్టుకుంది. ఇంకేం కావాలి బాబాయ్ మీకు?” అంది ఎస్సై.

“దారి తప్పినవాడు ఎదురుగా చూడడు తల్లీ. నేల చూసుకుంటూ నడుస్తాడు. మీ కెమెరాలేమో స్తంభాల కొసనెక్కి కూర్చున్నాయి. వాటికి కనిపించేది నడినెత్తి. దాన్నిబట్టి మనిషిని పోల్చాలంటే క్రాపు చేసేవాణ్ణి తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టాలి.”

కంపెనీ ఇంజినీరు పక్కున నవ్వాడు. ఎస్సై చూసిన చూపుకి మళ్లీ కంప్యూటర్లో తల దూర్చాడు.

“టీ తెప్పించు నాన్నా,” అన్నాడు బాబాయ్ అతనితో.

“ఇప్పుడేగా తాగారు!”

“ఏం, రెండోది తాగితే నీ కంపెనీ మునిగిపోతుందా?”

“తెప్పిస్తాను గానీ, మీరూ ఇదీ పందెం వేసుకోండి. పది ఫొటోలు. ఎవరు ముందు పోలిస్తే వాళ్లు గెలిచినట్టు.”

బాబాయ్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో చూసుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. “నాకెందుకు నాన్నా పందేలు? నేను పోయేవాణ్ణి. ఉండబోయేదాన్ని పరీక్షించండి.”

ఓడిపోతానని భయం, అనుకుంది ఎస్సై. తన పేరు లాక్కోవడానికి వచ్చిన యంత్రాన్ని ఎవరు మాత్రం పాసు చేస్తారు? అయినా ఆయనమీద కోపం నిలవదు. ఈమధ్య మరీ మెత్తబడ్డాడు. ఎవర్నీ పేరు పెట్టి పిలవడం లేదు. ఆడవాళ్లంతా తల్లులే, మగవాళ్లంతా నాన్నలే. రిటైర్మెంట్ దగ్గరపడితే అంతేనేమో.

మధ్యాహ్నం ఆమె నిచ్చెనతో సహా మార్కెట్‌కి వెళ్లింది. దగ్గరుండి ఆరు కెమెరాలను భుజాల ఎత్తుకు దింపించింది. చెప్పుల దుకాణం ముందు ఒకటి, పండ్ల కొట్టు ముందు ఒకటి, బస్టాపులో రెండు, రెండు మలుపుల్లో ఒక్కొక్కటి.

నాలుగింటికి మఫ్టీ కానిస్టేబుల్ మళ్లీ తలవంచుకుని నడిచాడు. చెప్పుల దుకాణం దాటీ దాటకముందే పచ్చదీపం వెలిగింది.

ఇంజినీరు ఎగిరి గంతేశాడు.

“ఆగు నాన్నా. మాసిన గడ్డం, కళ్లజోడు లేదు, తల వంచాడు. మూడూ కలిపి చూపించు.”

చూపించారు. దీపం వెలిగింది.

“పేరడిగితే చెప్పలేకపోతే?”

“దీనికి పేరుతో పనిలేదు బాబాయ్. ముఖం చాలు,” అంది ఎస్సై.

“ఇంట్లోవాళ్లకి ఎప్పటికి తెలుస్తుంది?”

“దీపం వెలిగిన నిమిషంలో ఫోన్ వెళ్తుంది. ఐదు నిమిషాల్లో మన కానిస్టేబుల్ అక్కడుంటాడు.”

“ఉండి? లాఠీ ఊపుతాడా?”

“చెయ్యి పట్టుకుని నీడలో కూర్చోబెడతాడు. మంచినీళ్లిస్తాడు. మీరు చెప్పినట్టే ఆర్డర్లో రాశాను.”

ఆయన ముఖం విప్పారింది. చిన్న పుస్తకం తెరిచి పక్కన పెట్టుకున్నాడు. దాన్ని చూసుకుంటూ, అక్షరాలు దిద్దుతున్నంత శ్రద్ధగా కాగితంమీద సంతకం చేశాడు. గదంతా చప్పట్లు కొట్టింది. ఎస్సై ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుంది.

“బాబాయ్, పిన్ని గొడుగుతో గేటు దగ్గర రెడీ,” అన్నాడు ఇంజినీరు కిటికీలోంచి చూసి. “నెల్లాళ్లుగా రోజూ వచ్చి తీసుకెళ్తోంది. ఈ వయసులో ఇంత ప్రేమేంటండీ?”

“కుళ్లుకోకు నాన్నా. నీకూ పెళ్లవుతుంది.”

గుమ్మం దాకా వెళ్లినవాడు వెనక్కి వచ్చాడు. చొక్కా జేబులోంచి అంటించిన కవరొకటి తీశాడు.

“తల్లీ, ఇంటిదారి మరిచిపోయేవాళ్లుంటే ముందుగానే ఫొటో ఇవ్వొచ్చన్నావుగా?”

“అవును బాబాయ్. రేపట్నుంచి తీసుకుంటాం.”

“అయితే మొదటిది ఇదే. నేను వెళ్లాక తెరువు.”

ఆయన మెట్లు దిగాడు. గేటు దగ్గర ఆవిడ గొడుగు ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచెయ్యి చాచింది. ఇద్దరూ నెమ్మదిగా రోడ్డు దాటారు.

ఎస్సై కవరు చించింది. ఫొటో వెనక ఒక ఫోన్ నంబరు. దాని కింద ఆడమనిషి చేతిరాత: “కంగారు పెట్టకండి. టీ ఇస్తే మీతో వచ్చేస్తారు.”

ఆమె ఫొటో తిప్పి చూసింది.

అందులో ఉన్నది ఆల్బం బాబాయే.