మూడు ముక్కల టీచర్

నాలుగు పేజీల పాఠానికి కూతురు మూడంటే మూడు వాక్యాల సారాంశం రాసుకొచ్చేసరికి ఆ తల్లికి ఒళ్ళు మండిపోయింది.

పక్కింటి పిల్ల వేరే బడి. ఆ పిల్ల నోట్సులో అదే పాఠానికి పేజీన్నర ఉంది, గైడులో ఉన్నది ఉన్నట్టు.

"తక్కినదంతా ఏమైందే?"

"తీసేశానమ్మా. అది లేకపోయినా కథ తెలుస్తుందిగా," అంది అయిదో తరగతి చదివే పాప.

కొత్తగా వచ్చిన టీచర్ నేర్పిన విద్య అది. పాఠం చదివించి పుస్తకాలు మూయిస్తుంది. ఒక్కొక్కరినీ పిలిచి, తను గోడవైపు తిరిగి కూర్చుని, చదివింది చెప్పమంటుంది. చేతులు తిప్పినా, కళ్ళు తిప్పినా చూడదు. ఏం జరిగింది, ఎవరికి, ఎక్కడ. ముందు ఆ మూడూ చెప్పాలి. ఎక్కడెక్కడినుంచో మొదలుపెట్టిన వాళ్ళు మళ్ళీ వరస చివర నిలబడాల్సిందే.

పిల్లలు ఆమెకి మూడు ముక్కల టీచర్ అని పేరు పెట్టేశారు.

పరీక్ష పేపర్లు దిద్దింది వేరే సెక్షన్ టీచర్. గైడు పక్కన పెట్టుకుని దిద్దింది. తరగతి మొత్తానికి మార్కులు పడిపోయాయి.

తల్లి ఊరుకోలేదు. తోటి తల్లులను కూడగట్టింది. మాటల్లో ఆమెను మించినవాళ్ళు లేరు. ఆమె ఫోను ఎత్తిందంటే తను స్నానం చేసి, చొక్కా ఇస్త్రీ చేసుకుని, బూట్లు కూడా తుడుచుకోవచ్చని మొగుడు వేళాకోళం చేస్తుంటాడు.

ప్రిన్సిపల్ గదిలో ఆమె మాట్లాడినంతసేపూ టీచర్ నిలబడే ఉంది. చివరికి ఒక్క మాటే అడిగింది.

"ఇంకొన్నాళ్ళు చెప్పనివ్వండి మేడమ్. మార్కుల కోసం కాదు. ఇది వాళ్ళకి రావాలి."

"ఎందుకు రావాలో అదైనా చెప్పండి," అంది తల్లి. "మూడు ముక్కల్లోనే చెప్పండి, వింటాం."

మిగతా తల్లులు నవ్వారు.

టీచర్ ఏదో చెప్పబోయింది. అంతలోనే మానుకుంది. తల వంచుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఆ వారం తిరక్కుండానే ఆమె స్థానంలో ఇంకొకామె వచ్చింది. గైడు చూసి బోర్డు మీద ఎక్కించే మనిషి. తల్లి ప్రాణం కుదుటపడింది. పాప నోట్సులో పేజీలు నిండసాగాయి.

చలి మొదలైన రోజుల్లో ఒక ఉదయం వంటింటి గడప దగ్గర అత్తగారు కూలబడిపోయింది. మూతి ఒక పక్కకి వంకర తిరిగింది. ఇంట్లో మగమనిషి లేడు, అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయాడు.

తల్లి అంబులెన్సుకి ఫోన్ చేసింది.

నిన్న సాయంత్రం నుంచి మొదలుపెట్టింది. అత్తగారు ఆకలి లేదందని, తలనొప్పంటే మాత్ర ఇచ్చానని, బీపీ ఉన్న మాట నిజమేగానీ మందులు ఎప్పుడూ మానలేదని, పొద్దున లేచి బాగానే మాట్లాడిందని. అవతల అమ్మాయి ఇల్లెక్కడో చెప్పమని అడుగుతూనే ఉంది. ఈమె చెవికి ఎక్కడం లేదు. అసలు ఆవిడ ఒంటి తత్వమే అంత అంటూ, ఏడుస్తూ, మళ్ళీ నిన్న సాయంత్రానికే వెళ్ళింది.

పాప ఫోను లాక్కుంది. గోడవైపు తిరిగి నిలబడింది.

"మా నానమ్మ పడిపోయింది. మూతి వంకర పోయింది, కుడి చెయ్యి లేవట్లేదు. పాత వాటర్ ట్యాంకు ఎదురు సందులో పచ్చ గేటు, రెండో అంతస్తు."

అవతల టకటకా టైపు కొట్టిన చప్పుడు వినిపించింది.

"పంపిస్తున్నాం తల్లీ. నువ్వెళ్ళి గేటు దగ్గర నిలబడు."

ఆసుపత్రిలో డాక్టరు ప్రాణానికి భయం లేదన్నాడు. మాట వస్తుందని మాత్రం చెప్పలేనన్నాడు. ఇంకాస్త ముందు తెచ్చుంటే అని, ఆ మాట పూర్తిచేయకుండానే లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ కాస్తా ఎక్కడ పోయిందో తల్లికి తెలుసు. పాప వైపు చూడలేకపోయింది.

అంబులెన్సుతో వచ్చినతను కాగితాలు పూర్తిచేస్తూ పాపను దగ్గరికి పిలిచి, ఫోన్లు తీసే గదిలో అందరూ నీ గురించే చెప్పుకుంటున్నారన్నాడు. తర్వాత తల్లివైపు తిరిగాడు.

"పాప మాట వింటే వాళ్ళకి మా పాత మేడమ్ గుర్తొచ్చిందటండీ. ఏళ్ళ తరబడి ఆ గదిలో ఫోన్లు తీసింది. ఏం జరిగింది, ఎవరికి, ఎక్కడ అని ఓపిగ్గా రాబట్టేది. ఓసారి ఎవరో చిన్నపిల్ల ఫోన్ చేసింది, అమ్మ లేవట్లేదని. భయపడిపోయి పొద్దున్నించి జరిగిందంతా చెప్పిందిగానీ, ఇల్లెక్కడో చెప్పడం దానికి చేతకాలేదు. మేం వెతుక్కుంటూ వెళ్ళేసరికి ఆ తల్లి పోయింది. మర్నాడే మేడమ్ ఉద్యోగం మానేసింది."

తల్లి గోడకి చేరబడింది. పాప ఆమె మొహంలోకే చూస్తోంది.

"తిరిగి రమ్మని ఆ మధ్య మావాళ్ళు ఎంత బతిమాలినా రాలేదండీ," అన్నాడతను పెన్ను జేబులో పెట్టుకుంటూ. "ఎక్కడో బడిలో అయిదో తరగతి పిల్లలున్నారట, వాళ్ళకి చెప్పడం వచ్చేదాకా అక్కణ్ణుంచి కదలనంది."