పాలు మానినవాడు

రోట్లో వేపాకు నూరుతుంటే నా కొడుకు కుళ్ళాయప్ప నా భుజం పట్టుకుని నిలబడి నవ్వుతున్నాడు. పచ్చడి అనుకున్నాడేమో.

వాడికి రెండో ఏడు నడుస్తోంది. నాకు నెల తప్పింది.

కడుపుతో ఉన్న తల్లి పాలు తాగితే పైబిడ్డ ఎండిపోతాడని మా ఊళ్ళో అందరూ అంటారు. అందరూ అని ఊరుకుంటారు. నాకు నిద్ర పట్టదు. వాడు తుమ్మితే చాలు, ఎక్కడెక్కడి చావులో గుర్తొస్తాయి.

"భయపడి భయపడి నువ్వే సచ్చేటట్లుండావు. రొమ్ముకు ఆకు పూయి. రెండు దినాలు ఏడుస్తాడు, మల్ల వాడే మర్సిపోతాడు," అంది మా అత్త ఆదిలక్ష్మమ్మ.

మా ఆయన యల్లప్ప మేకల్ని దొడ్లోకి తోలుతూ విన్నాడు.

"పిల్లలు తాగకుండా మేక పొదుక్కి పేడ పూస్తాం గదా. ఇదీ అంతే."

"నన్ను గూడా మందలో కలిపితివా?"

"మేకయినా ఇంత అరసదు లే."

అత్త నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

పూసుకున్నాను.

వాడు నోరు పెట్టాడు. తీశాడు. నా ముఖంలోకి చూశాడు.

ముందు ఏడవలేదు. పొరపాటేమో అన్నట్టు ఇంకోసారి నోరు పెట్టాడు.

అప్పుడు ఏడ్చాడు.

మరునాడు ఆకు చూపిస్తే సరిపోయింది. ఆ తర్వాత ఆకూ అక్కర్లేదు. నా చెయ్యి రవిక ముడి మీదికి పోతే చాలు, పెదాలు బిగించి మొహం పక్కకు తిప్పుకునేవాడు.

"ఎంత తెలివైనోడో సూడు నా మనవడు! ఎంత బిన్నా, ఒక్క దినంలోనే నేర్సుకునె!" అని అత్త మెటికలు విరిచింది.

పలచటి రాగిసంకటి తినడం మొదలుపెట్టాడు.

ఆ వారంలోనే నేను బయట చేరాను. కడుపూ లేదు, ఏమీ లేదు. కరువుకు ఒళ్ళు ఎండి నెల జరిగింది, అంతే.

"పోనీలే, ఎప్పుడైనా మాన్పించాల్సిందే గదా," అంది అత్త.

బావిలో నీళ్ళు బురదలోకి దిగాయి. గంజి కేంద్రం దగ్గర ఎవరో పిల్లకు వాంతిభేది అన్నారు. ఆ మాట వినగానే ఇంటికి పరిగెత్తాను.

వాడు గడప దగ్గర పడుకుని ఉన్నాడు. సంకటి కక్కాడు. తర్వాత నీళ్ళు కక్కాడు.

పెనుకొండ ఆసుపత్రికి చేరేసరికి వాడి కళ్ళు గుంటల్లోకి పోయాయి.

డాక్టరమ్మ వాడి చెయ్యి, కాలు అన్నీ వెతికింది. "సెలైన్ ఎక్కించడానికి నరం అందడం లేదు. నీళ్ళు పోసినా నిలవడం లేదు. నీ పాలు తాగుతాడా?"

"మాన్పించినామమ్మా."

"మళ్ళీ పట్టు. అవైతే కొంచెమైనా నిలుస్తాయి."

"పిండినా సుక్క రాలేదమ్మా. ఎండిపోయినాయి."

"పిండితే రావు. బిడ్డ చీకితే వస్తాయి. వాడు చీకాలి."

వాడు చీకాలి.

వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. కొళాయి దగ్గర మళ్ళీ మళ్ళీ కడుక్కుని వచ్చాను. వాడిని ఒళ్ళో వేసుకున్నాను. ముడి మీద చెయ్యి వేశాను.

తల ఎత్తలేనివాడు, మొహం తిప్పుకున్నాడు.

"రా నాయనా. సేదు లేదురా. కడుక్కుంటి. సూడు."

పెదాలు బిగించాడు.

యల్లప్ప అంగడికి పోయి బెల్లం ముక్క తెచ్చాడు. తడిచేసి వేలికి అద్దుకుని వాడి నోట్లో పెట్టాను.

చీకాడు. ఎండిపోయిన నాలుకతో, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి చీకాడు.

"సీకుతాండాడే! సూడు, సీకుతాండాడు!" యల్లప్ప గట్టిగా అరిచాడు.

అంతటా బెల్లం పూసుకున్నాను. వేలు మెల్లగా తీసి దగ్గరికి లాక్కున్నాను. పెదాలు తగలకముందే వాడి తల వెనక్కి వాలిపోయింది.

"కండ్లు మూయి వానికి," అన్నాడు యల్లప్ప.

మూశాను. ఒంటి వాసనకే తెలిసిపోయింది.

ఆయా నరసక్క వచ్చి నిలబడింది. "ముక్కు పట్టుకోమ్మా. నోరు తెరుస్తాడు."

పట్టుకున్నాను. తెరిచాడు. తెరిచింది ఏడవడానికి. గొంతు రాలేదు.

వదిలేశాను.

"మానిపోయిన మేకపిల్ల మల్ల పొదుక్కి రావల్లంటే ఏం జేస్తారు?" అని యల్లప్పను అడిగాను.

ఆయన వాడి పాదం పట్టుకుని కూర్చున్నాడు.

"సెప్పు."

"పేడ బాగా పూసింటే రాదు."

ఎండ వరండాలోకి వచ్చింది. డాక్టరమ్మ వచ్చి వాడి మణికట్టు పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది. తర్వాత ఆ చేతిని వాడి పొట్ట మీద మెల్లగా పెట్టింది.

"ఏ ఊరు మీది? బండి ఉందా?" అని యల్లప్పను అడిగింది.

ఆయన బండి కోసం పోయాడు.

వాడికి కొంగు కప్పాను. ఎండ తగులుతోందని వాడి కాళ్ళు లోపలికి తీసుకున్నాను.

లోపలి గదిలో ఎవరి బిడ్డో పాల కోసం గుక్కపట్టి ఏడ్చింది.

నా రొమ్ములు చేపుకొచ్చాయి.

రవిక తడిసింది. ఒక చుక్క వాడి పెదవి మీద పడింది.

కొంగుతో తుడిచాను. ఉంచితే చీమలు పడతాయి.