మూడూళ్ళ జల్లెడ

"కంప్యూటర్లో ఆ పనివాళ్ళ మూడూళ్ళూ పెట్టు! గాజులరామారం, కుత్బుల్లాపూర్, లాల్‌గడి మలక్‌పేట్. దొంగముండ అక్కడిదే!"

కాలనీ సంఘం అధ్యక్షుడు వెంకటేశ్వరరావు అరుపుకి ఆఫీసు అద్దాలు అదిరాయి. ఆదివారం మధ్యాహ్నం మొగుడూ పెళ్ళాలు పెళ్ళికెళ్ళొచ్చేసరికి బీరువాలో ఆయన భార్య అమ్మాజీ గారి గొలుసు లేదు. అప్పట్నుంచీ ఆయన నోటికి అడ్డే లేదు.

కంప్యూటర్ ముందున్న రోజారాణికి ఒళ్ళు మండిపోయింది. ఆమెది గాజులరామారమే.

"ఆ పూట మీ ఫ్లాటుకొచ్చినోళ్ళందర్ని తీస్త సార్. గీ ఊర్లే ఎందుకు?"

"మా చుట్టాల్ని కూడా దొంగల్లో కలుపుతావా? చెప్పింది చెయ్!"

మూలన నిలబడ్డ పనిమనిషి సుక్కమ్మ ఏడుస్తోంది. "నేను ఆయితారం రానే రాలేదు సారూ. మీ అబ్బాయి పేరు మీద ఇల్లు కట్టింది లాల్‌గడి మలక్‌పేట్‌ల మా గల్లీలనే గద. నన్నెరుగరా? పనిలకెల్లి తీసేస్తే తీసేయ్‌రి, దొంగ అని మాత్రం అనకుండ్రి."

"ఎరుగుదును కాబట్టే అంటున్నా! మావాడు చూస్తే మేడ్చల్ హాస్టల్లో. ఇక బీరువా తాళం ఎక్కడుంటుందో తెలిసింది నీకేగా?"

గేటు దగ్గర ఆధార్ చూపిస్తేనే లోపలికి. ఓనరైనా సరే, పాచిపని చేసేదైనా సరే. ఆ రూలు పెట్టిన మహానుభావుడూ ఈయనే. ఆధార్‌లో ఏ ఊరుంటే కంప్యూటర్‌లోనూ అదే ఊరు.

రోజారాణి పళ్ళు కొరుక్కుంటూ మూడూళ్ళూ కొట్టింది. ఆదివారం మధ్యాహ్నం అని పెట్టింది. ఆయన ఫ్లాటు నంబరూ పెట్టింది. మీట నొక్కింది.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఒక్క పేరే వచ్చింది సార్."

"చెప్పానా! ఫోటోతో సహా కాలనీ గ్రూపులో పెట్టు. సిగ్గుతో చావాలి!"

"పెట్టేముందు మీరొక్కసారి చూస్తే మంచిగుంటది సార్."

"ఓహో, మీవాళ్ళని కాపాడుకుందామనా? నీ ఉద్యోగం కూడా ఊడుతుంది జాగ్రత్త! పెట్టు!"

సుక్కమ్మ గోడకు జారగిలబడి కళ్ళు మూసుకుంది.

రోజారాణి పెట్టేసింది. ఇగ తన తప్పేం లేదనుకుంది.

కాలనీ అంతటా ఫోన్లు మోగాయి. వెంకటేశ్వరరావు మీసం దువ్వుకుంటూ తన ఫోను తెరిచాడు.

"వెంకటసాయి, తండ్రి వెంకటేశ్వరరావు, ఊరు లాల్‌గడి మలక్‌పేట్."