చప్పుడు చేయని గుడ్డ

ఆ యువకుడు గుడ్డను చెవి దగ్గర పెట్టుకుని రెండు వేళ్ల మధ్య నలిపాడు.

గుడ్డను కళ్లతో చూసేవాళ్లు, చేత్తో తడిమి చూసేవాళ్లు రహీమాకు తెలుసు. చెవితో చూసేవాణ్ని చూడటం ఇదే మొదలు.

శంషాబాద్‌లో ఆమె కుట్టుకు మంచి పేరుంది. ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎత్తేవాళ్లు, బండ్లు బాగుచేసేవాళ్లు మొరటు పనికి ఆగే ప్యాంట్లు ఆమె దగ్గరే కుట్టించుకుంటారు.

"ఇది వద్దక్కా, చప్పుడైతది," అంటూ అతను నైలాన్ తానును పక్కకు జరిపాడు.

"ప్యాంటు చప్పుడైతే ఏంది తమ్మీ?"

"నాకు వినబడాలె."

ఏం వినబడాలో రహీమాకు అర్థం కాలేదు.

రహీమా కాన్వాస్ చూపించింది. తడిస్తే బరువైతది అన్నాడు. జీన్స్ గుడ్డ తీసింది. మోకాలి కాడ మడత పడదు అన్నాడు. చివరికి ఆమె అడుగు అరలోంచి డ్రిల్లు గుడ్డ లాగింది. ఉతికి, ఆరేసి దాచుకున్న నూలు గుడ్డ అది. ముతకదే కానీ మెత్తబడింది.

అతను దాన్నీ చెవి దగ్గర నలిపాడు. ముఖం విప్పారింది.

"ఇదే కావాలె."

"జేబులు?"

"వెనక వద్దు. జిప్పులొద్దు. ఇనుప గుండీలు అసలే వద్దు, గీసుకుంటయ్. తొడ పక్కకు ఒక్కటే జేబు పెట్టు." చేతిని నిటారుగా కిందికి చాచాడు. "నా వేళ్లు యాడ అందుతయో ఆడనే దాని మూతి ఉండాలె. మోచెయ్యి వంచే జాగ ఉండదు నాకు. లోపల మెత్తటి అస్తరు వెయ్యి. మూతి జర వెడల్పు పెట్టు. చిన్న చెయ్యి పోవాలె."

"ఎవరి చెయ్యి?"

అతను నవ్వాడు. పేరు అడిగితే బ్లెసన్ అని చెప్పి వెళ్లిపోయాడు.

అంతదాకా పక్కన చొక్కా చేతులు కుడుతూ వింటున్న అనంతమ్మ మిషన్ ఆపింది.

"రహీమా, వీడెవడో దొంగ. చప్పుడు కావద్దంట. ఇరుకుల దూరాలంట. మల్ల చిన్న చెయ్యంట. పిల్లల్ని ఎత్తుకపోయేటోడేమో."

రహీమా అతను వెళ్లిన దారి వైపు ఒకసారి చూసింది. అయినా కత్తెర తీసుకుంది.

"ఏమో అనంతమ్మా. ప్యాంటు గురించి గింత ఆలోచన చేసినోన్ని మాత్రం నేనైతే చూడలే."

మోకాళ్ల దగ్గర రెండు పొరలు వేసింది. లోపలి కుట్లు ఒంటికి ఒరుసుకోకుండా అణిచి కుట్టింది. ఎన్నో ప్యాంట్లు కుట్టిన చేతులకు ఈ ఒక్కదాని మీద ఎందుకో ప్రేమ కలిగింది.

కొలత చూసుకోవడానికి వచ్చినరోజు బ్లెసన్ ప్యాంటు తొడుక్కుని, నేల మీద బోర్లా పడుకున్నాడు. కటింగ్ బల్ల కిందికి పాకి, వెనక్కి పాకుతూనే బయటికొచ్చాడు. అనంతమ్మ కాళ్లు రెండూ పైకి ముడుచుకుని కూర్చుంది.

అప్పుడే అతని ఫోను మోగింది. విన్నాడు. ముఖంలో రంగు మారింది.

"అక్కా, పోవాలె. గిట్లనే ఏసుకొని పోత."

"జేబు ఇంకా కచ్చాకుట్టు మీదనే ఉంది."

"ఇయ్యకు," అనంతమ్మ ఆమె చెవిలో గొణిగింది. "పోలీసోళ్లకు ఫోన్ చేస్త."

రహీమా అతని కళ్లలోకి చూసింది. వాటిలో భయముంది. కానీ అది తన కోసం పడే భయంలా లేదు.

"జర ఆగు. ఊడిపోతది."

మోకాళ్ల మీద కూర్చుని, అతని ఒంటిమీదే రెండు పేటల దారంతో జేబు కుట్టి, దారం పంటితో కొరికింది. అతను పరుగున వెళ్లి బండెక్కాడు.

"పాయె," అంది అనంతమ్మ.

పొద్దుగూకే వేళ అనంతమ్మకు మామిడిపల్లిలోని ఇంటి నుంచి ఫోను వచ్చింది. వాళ్ల వాడకట్టులో ఒక పాప పొద్దున ఎండిన బోరుగుంతలో పడిందట. ఇద్దరూ ఆటో పట్టుకుని పరుగెత్తారు.

బోరు పక్కనే జేసీబీతో పెద్ద గొయ్యి తవ్వారు. ఆ గొయ్యిలోంచి బోరు వైపు అడ్డంగా సొరంగం చేశారు. అంత జనంలో ఒక్కరూ మాట్లాడటం లేదు. లోపలి మనిషికి పాప గొంతు వినబడాలని పోలీసులు అందరినీ ఊరుకోబెట్టారు.

సొరంగంలోంచి మొదట రెండు పాదాలు బయటికొచ్చాయి. తర్వాత మట్టికొట్టుకున్న మోకాళ్లు. తన రెండు పొరల కుట్టును రహీమా గుర్తుపట్టింది.

బ్లెసన్ నడుమును కరుచుకుని పాప ఉంది. ఆమె పిడికిలి అతని జేబులో ఉంది.

అనంతమ్మ చెంపలేసుకుంది.

దవాఖాన వాళ్లు ఆ చెయ్యి తియ్యబోతే పాప కెవ్వుమంది.

"ఉండనియ్యండ్రి. ఆమెనే ఇడుస్తది," అని బ్లెసన్ తనూ అంబులెన్స్ ఎక్కాడు.

రహీమా జనాన్ని తోసుకుంటూ వెళ్లింది. ఏదో చెప్పాలనుకుంది. అప్పటికే తలుపులు మూసుకున్నాయి.

పక్కనే ఒక పెద్దాయన కండువాతో కళ్లు తుడుచుకుంటున్నాడు. పేరు జగదీశ్. ఫైరింజన్ ఉద్యోగం చేసి దిగిపోయినవాడు.

"ఏ ఊర్ల బోరుగుంతల పిల్లలు పడ్డా వస్తడమ్మా. పైస తీసుకోడు," అన్నాడు.

"లోపలున్న పిల్లలకు ఏం కావాలెనో గింత బాగ ఎట్ల తెలుసు బాపూ ఆయనకు?"

జగదీశ్ అంబులెన్స్ వెళ్లిన వైపే చూస్తూ చెప్పాడు.

"నేను నౌకరిల ఉన్నప్పుడు తుక్కుగూడ కాడ గిట్లనే ఒక బోరుగుంతల నుంచి చిన్న పిలగాన్ని తీసినం. దవాఖానకు పోయేదాంక నా అంగీ ఇడవలే. ఆ పిలగాడే ఈ బ్లెసన్."