బొటనవేలు

"నీ జోడీ ఏదయ్యా?"

డెరెక్ ఇంకా పడవ నిచ్చెన సగం కూడా ఎక్కలేదు. వీపున గాలి సిలిండరు, మెడలో కెమెరా, ముక్కులోంచి ఉప్పునీళ్ళు. కెప్టెన్ ఆల్విన్ పైనుంచి వంగి మళ్ళీ అడిగాడు.

"నిన్నే సారూ. మీ ఆవిడేదీ?"

"పైకి... రాలేదా?"

"వస్తే నిన్నెందుకు అడుగుతాను?"

టొబాగోలో ఏ రిసార్టు పడవెక్కినా ముందు చెప్పే మాట అదే. జోడీగా దిగినవాళ్ళు జోడీగానే పైకి రావాలి. మొగుడూ పెళ్ళాలు ఒడ్డున ఎంత కొట్టుకున్నా సరే, నీళ్ళ కింద మాత్రం ఒకర్నొకరు వదలకూడదు. పొద్దున ఆల్విన్ ఆ మాట చెబుతుంటే డెరెక్ మోయిరా చెయ్యి పట్టుకుని పైకెత్తి చూపించాడు. "పెళ్ళయినప్పట్నుంచీ వదల్లేదు, ఇప్పుడు వదులుతానా?" అన్నాడు. పడవంతా నవ్వింది. మోయిరా మాత్రం, "నాకసలే భయం. ఒక్క తాబేలు చూపించి పైకి తెచ్చెయ్, అంతే చాలు" అంది.

ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

"తనే పైకెళ్తానంది," అన్నాడు డెరెక్. "బొటనవేలు పైకి చూపించింది. నేను కళ్ళారా చూశాను."

ఒడ్డు మీద బొటనవేలు చూపిస్తే భేష్ అని. నీళ్ళ కింద చూపిస్తే, నేను పైకి పోతున్నానని. వారం రోజులు శిక్షణ తీసుకున్నవాడికి ఆ మాత్రం తెలుసు. ఏ అబద్ధం అతుకుతుందో కూడా తెలుసు.

మోయిరా ఏ వేలూ చూపించలేదు. పెద్ద పగడపు దిబ్బ దగ్గర ఆమెను ఆపి, ఇక్కడే ఉండమని సైగ చేసి, మాంటా చేప వెంటపడ్డాడు డెరెక్. తలుపంతేసి రెక్కలు ఆడిస్తూ అది అలా పోతుంటే ఇక పెళ్ళాం ఎక్కడ గుర్తుంటుంది? ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. తిరిగొచ్చి చూస్తే దిబ్బ దగ్గర మోయిరా లేదు.

"పైకొచ్చిందంటే ప్రవాహం లాక్కుపోయి ఉంటుంది," అన్నాడు ఆల్విన్. "కర్లీన్, తాడు విప్పు!"

పడవ ప్రవాహం వెంట పరుగెత్తింది. అందరూ అలల మీదే కళ్ళు పెట్టారు. గైడు కర్లీన్ ఆల్విన్ కూతురే. ముందు నిలబడి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని వెతుకుతోంది.

"ఏం గైడువే నువ్వు?" అరిచాడు ఆల్విన్. "ఒక మనిషి పైకి పోతుంటే చూసుకోవద్దూ?"

"నేను ముందున్నాను నాన్నా. వెనక్కి తిరిగి చూడాల్సింది. నాదే తప్పు."

డెరెక్ తల వంచుకున్నాడు. బల్ల మీద మోయిరా గడ్డి టోపీ, పక్కనే ఆమె సగం కొరికి పెట్టిన కొబ్బరి రొట్టె. సగం తరవాత తింటానంది. నోరు విప్పితే ఈ పడవలో తలెత్తుకోలేడు. విప్పకపోతే వీళ్ళంతా పైన వెతుకుతారు, ఆమె కింద ఉండిపోతుంది. సిలిండర్లో గాలి ఎంతసేపని వస్తుంది? ఛీ, నేనూ ఒక మనిషినేనా అనుకున్నాడు.

"కెప్టెన్! పడవ తిప్పండి!"

"ఏం, కనిపించిందా?"

"లేదు. అబద్ధం చెప్పాను. తను ఏ సైగా చెయ్యలేదు. నేనే దిబ్బ దగ్గర వదిలేసి చేప వెంట పోయాను. తను కిందే ఉంది." ఏడుపు ఆగలేదు. "మీ అమ్మాయి తప్పేం లేదు. అంతా నేనే చేశాను."

ఆల్విన్ కొడతాడేమో అనుకున్నారందరూ. కొట్టలేదు. చుక్కాని గిర్రున తిప్పాడు.

"సిగ్గులేని మనిషివయ్యా. ఫొటో కోసం పెళ్ళాన్ని సముద్రంలో పారేసొచ్చి, పైగా నింద ఆవిడ మీదే వేస్తావా?"

"నేనూ దిగుతాను కెప్టెన్."

"నోరు మూసుకుని కూర్చో. నిన్నెవరు వెతుక్కుంటారు మళ్ళీ?"

కర్లీన్ అప్పటికే కొత్త సిలిండరు తగిలించుకుంటోంది. దిబ్బ దగ్గరికి చేరి, ఆమె పడవ అంచున కూర్చుందో లేదో, రేడియో గరగరమంది.

"ఆల్విన్ అన్నా, మీవాళ్ళెవరైనా తప్పిపోయారా? మీ పక్కనున్న చిన్న దీవి అవతల, మా పడవ పక్కన ఒకావిడ తేలింది. మోయిరా అట పేరు. నిక్షేపంగా ఉంది."

పడవంతా ఒక్కసారి కేక పెట్టింది. డెరెక్ "దేవుడా, దేవుడా" అంటూ కెమెరా తీసి దూరంగా విసిరేశాడు.

"అంత దూరం ఎలా వచ్చిందిరా?" అడిగాడు ఆల్విన్.

"తాబేలు వెంటపడి వచ్చింది. మావాళ్ళు నీళ్ళ కింద చూశారు, సైగ చేసినా ఆగలేదట. ఇప్పుడు మొగుడేమయ్యాడో అని ఒకటే ఏడుపు."

ఆల్విన్ ఓరగా డెరెక్ వైపు చూశాడు. "ఆవిణ్ణి మాట్లాడించు."

వెక్కిళ్ళు వినిపించాయి. "కెప్టెన్ గారూ... మా ఆయన..."

డెరెక్ ఆత్రంగా నోరు తెరిచాడు. ఆల్విన్ వేలు పెదాల మీద పెట్టి ఆగమన్నాడు.

"అది తరవాత. ముందు ఇది చెప్పమ్మా. నీ జోడీని ఎందుకు వదిలేశావు?"

రేడియోలో వెక్కిళ్ళు టక్కున ఆగాయి.

"నేనెక్కడ వదిలానండీ? తనే పైకెళ్తానని బొటనవేలు చూపించాడు. నేను కళ్ళారా చూశాను."