బిందువూ బంధువులూ

“భాగం లేనివాడే బంధువట!”

తెర తప్పించుకుని బయటికొచ్చి మెలిత్తా ఈ మాట అనగానే, ఏథెన్స్‌లోని ఆ ముంగిట్లో ఆలివ్ గింజలు ఉమ్ముతున్న నోళ్ళన్నీ ఆగిపోయాయి.

లోపల మంచం మీద ఆమె తండ్రి ఫైడిమోస్. జన్మంతా ఇసుకలో గీతలు గీసి, నుదుటి గీత మాత్రం దిద్దుకోలేని రేఖాగణిత పండితుడు. కొడుకుల్లేరు. కట్టుబాటు ప్రకారం ఆయన తర్వాత ఇల్లు దగ్గరి మగ బంధువుది. పిల్ల కూడా అతనికే, పెళ్ళాంగా. అటక మీది కుండలా ఇంటితో కలిసొస్తుంది. అందుకే ‘నేను దగ్గరంటే నేను దగ్గర’ని పొద్దుటి నుంచీ కొట్టుకుంటున్నారు ఇద్దరు. పళ్ళు లేని బాబాయి థ్రాసోన్. పళ్ళికిలించే పెదనాన్న కొడుకు ప్రోటియాస్. సాక్ష్యానికి ఇరుగుపొరుగుని లాక్కొచ్చిందీ వాళ్ళే.

ప్రోటియాస్ బుర్ర గిర్రున తిరిగింది.

“అంటే ముసలాడి లెక్కలో బంధువైతే భాగం లేదన్నమాట! అయ్యా సాక్షులూ, ఏ కోణంలో చూసినా నేనీ ఇంటికి చుట్టాన్ని కాను. దారినపోతూ దాహానికి ఆగాను!”

“నువ్వు దాహానికైతే నేను దోమలు తోలడానికొచ్చాన్రా!” అరిచాడు థ్రాసోన్. “ఆ ఫైడిమోస్ నాకు అన్నా? జియస్ మీద ఒట్టు! వాణ్ణి మా అమ్మ కనలేదు, నేనూ కనలేదు!”

“విన్నాం,” అన్నాడు పక్కింటి కుమ్మరి, నవ్వు మింగుతూ.

మెలిత్తా నాలిక్కరుచుకుంది.

“అయ్యో, పొరపాటైంది బాబాయ్. అది బంధువు కాదు, బిందువు. ‘భాగం లేనిది బిందువు.’ నాన్న చెప్పే పాఠంలో మొదటి ముక్క.”

ముంగిలి గొల్లుమంది.

“ఓసి నీ చుక్క తగలెయ్య! చుక్క కోసమా చుట్టరికం వదులుకున్నాను?” ఎగిరాడు ప్రోటియాస్. “నేను చుట్టాన్నే!”

“నేను పుట్టుచుట్టాన్ని!” అన్నాడు థ్రాసోన్.

కుమ్మరి చెయ్యి అడ్డం పెట్టాడు. “ఒట్టు ఒట్టే. చుట్టాలేనని ఫైడిమోస్ తన నోటితో అంటే తప్ప మేం ఒప్పుకోం.”

“అనిపిస్తాం, పదరా!” ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ తెర మీద పడ్డారు.

మెలిత్తా పక్కకి తప్పుకుని దారిచ్చింది.

“ఎలా అంటారు బాబాయ్, ఆ పాఠం నిన్నటిది, నాన్న తెల్లారకముందే పోయారు, బిందువుని బంధువు చేసింది నేను, బంధువులు కాకుండా పోయింది మీరు!”