కప్ప అరవని చెరువు

వలసబాతుల గుంపుకి పెద్దదిక్కు సింగారమ్మ. ఎంత దూరం ఎగిరొచ్చినా సరే, కప్ప అరుపు వినబడని నీళ్ళలో దిగకూడదన్నది ఆవిడ పెట్టిన ఆచారం.

ఆ ఏడు కిందికి చూస్తే అడవి ఉండాల్సిన చోట అడవి లేదు. మనుషులు చెట్లు కొట్టేసి, ముడిచమురు నూనె పట్టిన నల్ల ఇసుకని కొండంత యంత్రాలతో తవ్వి, వేణ్ణీళ్ళలో కడిగి నూనె పట్టుకుపోతున్నారు. ఆ కడిగిన నీళ్ళే పెద్ద చెరువై తళతళలాడుతున్నాయి. చెరువు మధ్యలో పసుపు చొక్కా తొడిగిన దిష్టిబొమ్మ ఒకటి తేలుతోంది.

"అత్తయ్యా, దిగుదాం!" అన్నాడు కొత్తల్లుడు చెంగయ్య. "దిష్టిబొమ్మ పెట్టారంటే అక్కడ మంచి తిండి ఉన్నట్టే. ఎన్ని వరిచేలల్లో చూడలేదూ!"

మాట నిజమే. ఇన్నేళ్ళూ వాళ్ళ కడుపులు నిండింది దిష్టిబొమ్మలున్న చేలల్లోనే. సింగారమ్మకీ రెక్కలు లాగేస్తున్నాయి. అయినా చెవులు రిక్కించి విన్నది. ఒక్క కప్పా అరవలేదు.

"వద్దు బాబూ," అంది.

అల్లుడు ఆగితేనా! రివ్వున దిగి కాళ్ళు ఆనించాడు, అంతలోనే కెవ్వుమంటూ పైకి లేచాడు. కాళ్ళ నిండా నల్లటి జిగురు.

కాస్త అవతల ఒక బురదగుంట కనిపించింది. అందులో కప్పలు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. గుంపంతా హాయిగా దిగి, నత్తల్ని ఏరుకుని తృప్తిగా తిన్నది. చెంగయ్య గట్టున గడ్డికేసి కాళ్ళు రుద్దుకుంటూ అడిగాడు: "మరి ఏముందని అత్తయ్యా, అక్కడ ఆ బొమ్మ కాపలా?"

సింగారమ్మ రెక్కలో ముక్కు దూర్చుకుంటూ అంది: "చేలో బొమ్మ మన నుంచి వాళ్ళ పంటని కాస్తుంది బాబూ. ఇక్కడి బొమ్మ వాళ్ళ నుంచి మనల్ని కాస్తోంది."